గోడకి అవతలే ఇల్లు

డెలివరీ కుర్రాడు గోడ దగ్గర బండి ఆపేశాడు. ఆర్డరిచ్చిన ఇల్లు అవతలే ఉంది. బాల్కనీలో ఆరేసిన తువ్వాలు కూడా కనిపిస్తోంది.

దారి మాత్రం లేదు.

వెనక్కెళ్లి, మెయిన్ రోడ్డెక్కి, యూటర్న్ తిరిగి, ఇంకో గేటు దగ్గర సెక్యూరిటీ పుస్తకంలో పేరు రాసి లోపలికెళ్లాలి. ఎండలో అతని మొహం చూస్తే మనసు చివుక్కుమంది.

హైదరాబాద్ పడమటి వైపు, నల్లగండ్ల, తెల్లాపూర్ దారుల్లో ఇది రోజూ ఉండేదే. 1591లో చార్మినార్ కట్టినప్పుడు నాలుగు వైపులకీ నాలుగు బాటలు వేశారు. పాతబస్తీలో ఇప్పటికీ ఒక వీధి ఆగిపోతే ఇంకో గల్లీలోంచి బయటపడొచ్చు. కానీ ఇటువైపు 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు వచ్చాక పొలాలు వెంచర్లయ్యాయి. ఎవరి లేఅవుట్ వాళ్లది, ఎవరి ప్రహరీ వాళ్లది. దాంతో పాల ప్యాకెట్‌కి వెళ్లే స్కూటరూ, ఆఫీసు బస్సూ అదే మెయిన్ రోడ్డు మీద పడుతున్నాయి. బండ్లు ఎక్కువయ్యాయని అందరం అంటాం. వీధులు ఒకదాన్నొకటి కలవడం లేదని ఎవరం అనం!

అమెరికాలోనూ ఇదే జరిగింది. పరిశోధకులు బారింగ్టన్-లీ, మిలార్డ్-బాల్ 2015లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, అక్కడ కొత్త వీధుల్లో ముందుకు దారిలేనివి దశాబ్దాల పాటు పెరుగుతూ పోయి, 1994 ప్రాంతంలో తగ్గుముఖం పట్టాయి. అంటే మార్చుకోవచ్చన్నమాట.

హైదరాబాద్‌లో 2020 నుంచి లింకు రోడ్లు వేస్తున్నారు. మంచి పనే. కానీ ఇళ్లు లేచాక స్థలం సేకరించడం ఎంత కష్టం! లేఅవుట్‌కి అనుమతి ఇచ్చే రోజే పక్క వీధితో కలపమంటే పోయేది కదా.

మీ కాలనీలో ఏ గోడకి చిన్న గేటు పెడితే నడక తగ్గుతుంది? కింద రాయండి.