ఒళ్ళో మిగిలిన పీసులు

బెంగళూరులో నా రోజీ గ్రాఫిక్స్ డ్రైవర్ల మీద. ఊరికి పోతే ఖాలాలు "క్యా కామ్ బేటా?" అని అడుగుతారు. స్క్రీన్ మీద బొమ్మ సరిగ్గా వచ్చేలా చూస్తా ఖాలా అంటే, "టీవీ రిపేరా?" అంటారు. నా కామ్ అంతా ఒకటే సవాల్ చుట్టూ తిరుగుతుంది: ఒకే మాల్ మీద ఇద్దరు పని చేసేటప్పుడు, ఎవరి బారీ ఎప్పుడు?

ఈ సవాల్ మా రాయదుర్గంలో చదువు లేనోళ్ళకూ తెలుసు. వానను నమ్ముకుంటే చెనిక్కాయ ఇంటికొచ్చేదాకా భరోసా లేదు. బళ్ళారి పక్కనే. అందుకే ఎన్నో ఇళ్ళల్లోకి జీన్స్ కుట్టు వచ్చింది. అబ్బా మర్హూం మిషన్ మీద, అమ్మీ గడప దగ్గర. అమ్మీది దారాలు కత్తిరించే పని. కుప్పలోంచి పది పీసులు ఒళ్ళోకి లాక్కుని, అన్నీ అయ్యాక ఒకేసారి కుప్పలో వేసేది. ప్రతి పీసుకూ లేచి తిరగడానికి నడుము ఒప్పుకోదు కదా.

కంప్యూటర్లో సీపీయూ కూడా అచ్చం ఇంతే. బొమ్మ తాలూకు లెక్కలన్నీ ఉండే జాగాను బఫర్ అంటాం. అదే కుప్ప. దాన్ని మ్యాప్ చేయడమంటే మాల్ కాపీ చేయడం కాదు, అదే కుప్పకు ఇంకో దర్వాజా తెరవడం. ఒక దర్వాజాలోంచి సీపీయూ రాస్తుంది, ఇంకో దర్వాజాలోంచి జీపీయూ చదువుతుంది. కానీ దర్వాజా తెరిచామంటే చూసే ఇజాజత్ దొరికినట్టే. బారీ వచ్చినట్టు కాదు.

పైగా సీపీయూకు ఒక ఒడి ఉంది, దాని పేరు క్యాష్. రాసిందంతా ముందు అక్కడే ఉంటుంది. కొన్ని చిన్న బోర్డుల్లో ఆ ఒడిలోకి జీపీయూకు నజర్ పోదు. ఒళ్ళోవి కుప్పలో వేయమని డ్రైవర్ గట్టిగా చెప్పాలి. చెప్పకపోతే జీపీయూ పాతదే చదువుతుంది. ఇది ఉల్టా కూడా జరుగుతుంది. జీపీయూ కుప్పను మార్చినా సీపీయూ తన ఒళ్ళోని పాత పీసునే చూసుకుంటూ కూర్చుంటుంది.

ఒకసారి ఆస్పత్రి మానిటర్ కోసం తయారవుతున్న బోర్డు మా టేబుల్ మీదికి వచ్చింది. నాడి అంకెల మీద సన్నని అడ్డ గీతలు. కొలిస్తే ఒక్కోటీ సరిగ్గా 16 పిక్సెళ్ళు. పిక్సెల్‌కు 4 బైట్లు, మొత్తం 64 బైట్లు. క్యాష్ ఒక్కసారి తీసుకునే ముక్క ఆ బోర్డులో అంతే. ఒళ్ళో మిగిలిపోయిన పీసులవి. పాత 72లో సగం, కొత్త 92లో సగం కలిసి కనిపిస్తే డాక్టర్ సాబ్ ఏం చదవాలి?

దీనికి ఇలాజ్ ఉంది. ఒక బఫర్‌ను వేర్వేరు డ్రైవర్లు పంచుకునే డీఎంఏ-బఫ్ 2012లో లైనక్స్ 3.3లో వచ్చింది. "మొదలుపెడుతున్నా", "ఖతమ్" అని ప్రోగ్రామే చెప్పే తరీఖా 2016లో, 4.6లో వచ్చింది. జీపీయూ వైపు ఫెన్స్ అనే చీటీ ఉంటుంది. పని అప్పజెప్పగానే చీటీ చేతికొస్తుంది, ముద్ర మాత్రం పని అయ్యాకే పడుతుంది. ముద్ర పడేదాకా ఆ మాల్ ముట్టకూడదు. ఎప్పటికీ ముద్ర పడని చీటీ ఇవ్వకూడదు, ఇది లైనక్స్ వాళ్ళ ఉసూల్. వాదా అంటే అదే కదా.

మీటింగులో ఒకాయన, "ఈ ఇంతెజార్ తీసేద్దాం, స్పీడు పెరుగుతుంది. గీతలు ఎప్పుడో ఒకసారే కదా" అన్నాడు. నాకు కడుపులో మండింది. ఎందుకంటే ఆ "ఎప్పుడో ఒకసారి" మా ఇంట్లో జరిగింది. ఒక సేఠ్ మనిషి జల్దీలో వచ్చి, అమ్మీ ఒళ్ళో ఉన్నవి వదిలేసి కుప్ప మాత్రమే లెక్కపెట్టి పోయాడు. ఆ వారం మజూరీ తగ్గింది. అమ్మీ అబద్ధం చెప్పలేదు, ఆయనా చెప్పలేదు. ఇద్దరి లెక్కా సహీ. వేళే గలత్.

ఒట్టి జజ్బాతుతో మీటింగులో గెలవలేం. సెకనుకు 60 ఫ్రేములంటే ఒక్కోదానికి సుమారు 16.6 మిల్లీసెకండ్లు. ఒకే బఫర్ పెట్టుకుని జీపీయూ కోసం సీపీయూ ఖాళీగా కూర్చుంటే ఆలస్యం నిజమే. అందుకే మూడు బఫర్లు పెడదామన్నా. ఒకటి స్క్రీన్ మీద, ఒకటి జీపీయూ దగ్గర, ఒకటి సీపీయూ చేతిలో. ఒక బండిల్ కాజాలకు పోతే ఇంకోటి మిషన్ మీదికి ఎక్కుతుంది. అబ్బా ఎప్పుడూ చేతులు ముడుచుకుని కూర్చోలేదు, ఎదుటివాడి బండిల్ మధ్యలో లాక్కోనూ లేదు. జ్ఞాపకం కొంచెం ఎక్కువ ఖర్చయింది. స్పీడు వచ్చింది, గీతలు పోయాయి, ముద్ర కోసం చూడటం మాత్రం మిగిలింది.

అమానత్ అనే మాటకు మనం డబ్బూ నగలే అనుకుంటాం. నా లెక్కలో బఫర్ కూడా అమానతే. చేతిలో ఉన్నంతసేపు జిమ్మేదారీ నాది. అప్పగించేటప్పుడు ఒళ్ళో ఏమీ మిగలకూడదు. తీసుకునేవాడు కూడా లెక్కపెట్టే ముందు ఒక్క మాట అడగాలి: "అమ్మా, అయిపోయిందా?"