రాజాం ప్రయాణము

రాజామునకు రైలు లేదు. చెన్నపట్టణము నుండి హౌరా పోవు మార్గమున చీపురుపల్లిలో గాని పొందూరులో గాని, రాయపూరు మార్గమున బొబ్బిలిలో గాని దిగి, అచ్చట బస్సు పట్టవలెను. విశాఖపట్టణమునుండి రోడ్డు మార్గముననే వచ్చువారును కలరు. ఎట్లు వచ్చినను పగటిపూట చేరు బండిని చూచుకొనుడు. ఈ సంగతి మాకు తెలియకపోలేదు; అలక్ష్యము చేసితిమి.

సంక్రాంతి వెళ్లిన వారమున అత్తగారును వదినగారును వెంటరాగా బయలుదేరితిమి. చీపురుపల్లిలో దిగునప్పటికి దీపాలవేళ దాటినది. పూలమ్ముకొను నొక ముసలమ్మ మా మూటలను చూచి, “బండి ఎల్లిపోనాదమ్మా! కూకోండి, మా ఊరి ఆటో ఒస్తాది” అని తన గోనెపట్టా పరచినది. బుట్ట సర్దుకొనియు ఇంటికి పోక, ఆటో వచ్చువరకు మాతోనే కూర్చున్నది. మూరెడు పూల వెల తప్ప మా యొద్ద మరేమియు పుచ్చుకొనలేదు.

ఇక బస్సుల మాట. 2025 ఆగస్టు 15వ తేదీ మొదలు ఆంధ్రప్రదేశమున నివసించు స్త్రీలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ మొదలగు ఆర్టీసీ బస్సులలో టిక్కెట్టు వెల లేదు. సూపర్ లగ్జరీ, ఏసీ బస్సులకిది వర్తింపదు. నివాసము తెలుపు ఆధార్ వంటి కార్డు చూపవలెను. అసలు కార్డునే సంచిలో నుంచుకొనుట మేలు. మా వదినగారి పుట్టిల్లు శ్రీకాకుళమైనను కాపురము హైదరాబాదు. “పుట్టింటికి వచ్చిన ఆడపడుచును గదా నాయనా!” యని ఆమె కండక్టరుతో వాదించినది. అతడు నవ్వుచునే టిక్కెట్టు కొట్టి చేతికిచ్చెను!

పాత పుస్తకములలో రాజాం శ్రీకాకుళము జిల్లాలో కనబడును. 2022 ఏప్రిల్ 4 నుండి అది విజయనగరము జిల్లాలోనిది. వచ్చుటకు పుష్యమాఘములు హాయి. తెల్లవారుజామున మంచు దట్టముగా పట్టును గనుక శాలువ మరువరాదు. ఆశ్వయుజ కార్తికములలో తుఫానుల భయము గలదు. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ రెండును అక్టోబరు నెలలోనే ఉత్తరాంధ్ర తీరమును తాకినవి. ఆ నెలలలో వాతావరణ వార్త వినకుండ బయలుదేరరాదు. కాచి చల్లార్చిన నీరు వెంట ఉంచుకొనుట ఎన్నడును నష్టము కాదు.

రాజామునందు తాండ్ర పాపారాయని విగ్రహమున్నది. బొబ్బిలి కథ తెలియని తెలుగిల్లుండదు గాని, ఆ కథలో ఈ ఊరి పాత్ర యెట్టిదో ఇచ్చట నిలిచినప్పుడే మనసునకెక్కినది. 1757 జనవరి 24వ తేదీన ఫ్రెంచి సేనాని బుస్సీయు, విజయనగర ప్రభువు విజయరామరాజును బొబ్బిలికోటపై పడిన వేళ పాపారాయడు రాజాంలో నుండెననియు, కబురు వేళకందలేదనియు చెప్పుదురు. అతడు వచ్చునప్పటికి కోట లేదు. పిదప విజయరామరాజును డేరాలోనే పొడిచి పగ తీర్చుకొనెను.

బొబ్బిలికి పోకముందు ఒకపూట పొందూరు చూచితిమి. అచ్చటి సన్న ఖద్దరునకు స్త్రీలే ఇండ్లలో రాట్నములపై నూలు వడకుదురు. గింజ తీయకముందు పత్తిని వాలుగచేప దవడ యెముకతో దువ్వుదురు. దాని సన్నని పండ్లకు చెత్త చిక్కి, పోగులు నిటారుగా సాగును. మడికట్టుకొనుటకు చీర కొనవచ్చిన అత్తగారు ఇది చూచి కొంతసేపు మాటాడలేదు. తరువాత ఆ వడకుచున్న ఆమె వ్రేళ్లను చూచి, చీరను రెండుమారులు తడివి, కొన్నది. “తడిపి ఆరవేసిన మడి కాదా?” యన్నది. మేమేమియు అనలేదు.

తీరిక యున్నవారు వంగర మండలమందలి సంగాము పోవచ్చును. నాగావళి మొదలగు నదులు కలియు చోటది. సంగమేశ్వరునకు శివరాత్రినాడు పెద్ద యాత్ర జరుగును. ఆ దినమున పసిబిడ్డలతో పోవువారు రద్దీని తలచుకొని పోవలెను.

మరునాటి ఉదయము రాజాంలో బొబ్బిలి బస్సెక్కితిమి. గంటకు కొంచెము ఇటునటుగా చేరితిమి. అత్తగారు దారిపొడుగునను కిటికీలోనుండి పొలములనే చూచుచు, “ఇంతేనా దూరము?” అని రెండుమారులడిగినది. బొబ్బిలిలో యుద్ధమునకు గుర్తుగా స్తంభమున్నది. శత్రువుల చేత చిక్కరాదని కోటలోని స్త్రీలను, బిడ్డలను తమవారే చంపిరని చరిత్ర. చిన్ననాడు ఈ కథ విని మేమును గర్వపడితిమి. అత్తగారు మాత్రము, “వారిలో బ్రతుకగోరినవారు ఒక్కరైన ఉండిరేమో, ఆ కబురు అందియున్న…” అని అచ్చటనే కూర్చున్నది. వదినగారు ఆమె చేయి పట్టుకొన్నది.

సమీపముననే గొల్లపల్లిలో ఒక్క పనసదుంగను తొలిచి వీణలు చేయుదురు. ఇంటికి కొనిపోవుటకు చిన్న బొమ్మవీణలును దొరకును. మేమొకటి కొని, పగలుండగనే బొబ్బిలిలో రైలెక్కితిమి.