వాడిన బీగంచెవి

రహస్యలేఖను మూసే అంకెల వరుసను బీగంచెవి అందాం. ఒకసారి వాడినదాన్ని మళ్ళీ వాడరాదన్నది పాత నియమం. 1942లో సోవియట్‌వాళ్ళు అలాంటి అంకెల పుటలు కొన్నిటిని రెండేసి ప్రతులు వేశారు; ఆ సందున అమెరికావాళ్ళు వారి తంతివార్తలు కొన్ని చదివేశారు.

1982లో బెనెట్, బ్రస్సార్డ్, బ్రైడ్‌బార్ట్ అనే ముగ్గురు ఈ నియమానికి మినహాయింపు చూపారు. సందేశాన్ని కాంతికణాల మీద పంపితే, దొంగచాటుగా చూసినవాడి జాడ వాటిమీద పడుతుంది. జాడ లేకుంటే ఎవరూ చూడలేదన్నమాట. అదే బీగంచెవి మళ్ళీ పనికొస్తుంది.

కాని ఏ గాజుతీగా నిర్మలం కాదు. దారిలోనే కొన్ని కణాలు చెడతాయి. చెడింది తీగవల్లనో దొంగవల్లనో తెలియదు. అందుకని శాస్త్రజ్ఞులు చెడినదంతా దొంగ ఖాతాలోనే రాస్తారు. అది హద్దులో ఉంటే తప్పులు దిద్దుకుని, దొంగకు చిక్కి ఉండగలిగినంత వడకట్టి తీసేసి, పాత బీగంచెవినే వాడుకుంటారు. హద్దు దాటితే కొత్తది తెచ్చుకుంటారు.

ఈ లెక్క నాకెంతో నచ్చింది. మా హోసూరు తెలుగులో కన్నడం, తమిళం కలవని రోజు లేదు. కలిసిందని ఆ మాటనే పారేయమనేవాళ్ళున్నారు. ఏమీ కాలేదనేవాళ్ళూ ఉన్నారు. ఎంత కలిసిందో, ఎంతవరకు నిలుస్తుందో కొలిచి చూసేవాళ్ళే తక్కువ.