పని చెప్పిందెవరు?

మనిషికి జబ్బు చేస్తే మందు చెప్పడానికి ఒక్క డాక్టరు చాలు. కంప్యూటరుకు జబ్బు చేస్తే మాత్రం ఇంటిల్లిపాదీ వైద్యులే, ఎదురింటివారు కూడాను. ఓసారి ఆపి మళ్ళీ పెట్టి చూడమనేవారొకరు, వైరసు పట్టిందనేవారొకరు, "పాతబడిపోయిందండీ, కొత్తది కొనేసుకోండి" అనేవారింకొకరు. ఈ మూడో మందు చెప్పేవారికి మన జేబు ఎప్పుడూ నిండుగానే కనిపిస్తుంది.

మా ఇంటి ల్యాప్‌టాప్ మీద ఈ మందులన్నీ వాడి చూశారు. అది పేరుకు మా ఇంటిదే గాని అసలు హక్కుదారు మా కోడలు. కాకినాడలో మా వెనకగదిలో కూచుని డల్లాస్‌లో ఉన్న మన తెలుగువాళ్ళ పిల్లలకు లెక్కలు చెబుతుంది. ఇక్కడ తెల్లవారుజామున 5 గంటలయితే, వేసవి రోజుల్లో అక్కడ ముందునాటి సాయంత్రం ఆరున్నర. అంచేత మా వీధిలో పాలవాడికంటె ముందు లేచేది మా కోడలే. మొత్తం ఆరుగురు పిల్లలు. ఆ ఆరుగురూ ఇచ్చే జీతంతో మా ఇంటి అప్పు వాయిదా నెలనెలా తీరుతోంది. మా అబ్బాయి జీతం తక్కిన సంసారానికీ, నా పింఛను నా మందులకూ సరి.

జబ్బు లక్షణాలేమిటంటే, పాఠం మొదలుపెట్టిన పది నిమిషాలకల్లా యంత్రంలో ఫాను హోరు పెట్టేది. వంటింట్లో మా ఆవిడ మిక్సీ వేసిందేమోననుకునేవాణ్ణి. ఆ తరవాత తెరమీద పిల్లల ముఖాలు ఫోటోలయిపోయేవి. అమ్మాయి గొంతు అక్కడికి ముక్కలు ముక్కలుగా చేరేదట. ఒక పిల్ల తల్లి ఫోను చేసి, ఎంతో మర్యాదగా, "ఈ నెలాఖరుదాకా చూస్తామండీ" అన్నది. ఆ మర్యాదకే అమ్మాయి హడలిపోయింది. నాలుగు తిట్టి ఉంటే అంత భయం వేసేది కాదనుకుంటాను.

మొదటి అనుమానం ఇంటర్నెట్టు తీగమీదికి పోయింది. ఆ మనిషి వచ్చి, అదే తీగమీద సెల్‌ఫోనులో సినిమా శుభ్రంగా ఆడించి చూపించి, కాఫీ తాగి వెళ్ళాడు. రెండో అనుమానం మా మనవడిమీదికి. వాడికి పన్నెండో ఏడు. ల్యాప్‌టాప్‌లో వాడి క్రికెట్టు ఆట ఒకటుంది. "వీడి ఆటలతోనే అది చచ్చిపోతోంది" అని మావాడు ఆ ఆట తీసేశాడు. "నేను ఆదివారం తప్ప ఆడనే లేదు నాన్నా" అని కుర్రవాడు రెండుసార్లు అన్నాడు, మూడోసారి అనలేదు. ఆట పోయింది గాని ఫాను హోరు తగ్గలేదు. తగ్గకపోయినా తీర్పు మారలేదు. "ఇంకా ఏమేం దాచాడో" అన్నాడు మావాడు. ముద్దాయి దొరికాక నేరం కొనసాగినా సరే, ముద్దాయి మారడు గదా మన ఇళ్ళల్లో.

ఆఖరికి బజారులో ఒక దుకాణానికి తీసుకుపోతే, అక్కడి అబ్బాయి మూత తెరవకుండానే రెండు దారులు చెప్పాడు. ఉన్నదంతా చెరిపేసి విండోస్ మళ్ళీ ఎక్కించడం ఒకటి. 45 వేలు పెట్టి కొత్తది కొనుక్కోవడం రెండోది. మావాడు వాయిదాల లెక్క వేయడం మొదలుపెట్టాడు.

నాకు కంప్యూటరు శాస్త్రం రాదు. నేను 31 ఏళ్ళు ఆడిట్లో పనిచేసినవాణ్ణి. ఖర్చు పెరిగిన చోట అది ఎవరి చేతిమీదుగా అయిందో చూడాలి. ఆపైన ఎవరి ఉత్తరువు మీద అయిందో చూడాలి. చాలామంది మొదటిది చూసి, గుమాస్తాను పట్టుకుని, ఫైలు మూసేస్తారు. "కొనే ముందు ఒక్కసారి రిజిస్టరు చూద్దామురా" అన్నాను. రిజిస్టరంటూ ఒకటి ఉండి తీరుతుందని నా నమ్మకం. ఉండనే ఉంది.

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ అనే మూడు మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజరు అనే పట్టీ తెరుచుకుంటుంది. మైక్రోసాఫ్ట్‌లో పనిచేసిన డేవ్ ప్లమ్మర్ అనే ఆయన రాసింది. 1996లో విండోస్ ఎన్.టి. 4.0తో వచ్చింది. ఇప్పటికీ, వేషం మారినా, అదే దిక్కు. యంత్రంలో ఆ క్షణాన నడుస్తున్న ప్రతి పనీ ఒక వరసలో, అది ప్రాసెసరును ఎంత శాతం తింటున్నదో పక్క గడిలో కనిపిస్తాయి. సి.పి.యు. అనే శీర్షిక మీద ఒక్క నొక్కు నొక్కితే ఎక్కువ తినేవాడు పైకి వస్తాడు.

పక్కనుంచి తొంగిచూసిన మా ఆవిడ, "ఇదుగోనండీ దొంగ! 62 మింగుతున్నాడు!" అని వేలు పెట్టింది. ఆ వరసలో ఉన్న పేరు సిస్టం ఐడిల్ ప్రాసెస్. అప్పటికింకా పాఠం మొదలుకాలేదు.

ఐడిల్ అంటే ఖాళీగా ఉండడం. ప్రాసెసరుకు చేసే పని లేనప్పుడు ఆ తీరికంతా ఈ పద్దు కింద చూపిస్తారు. మన పెద్దలు చెప్పే భూతం కథ తెలుసుగదా. పని చెప్పకపోతే నిన్నే మింగుతానన్న భూతానికి, ఓ స్తంభం పాతించి, ఎక్కుతూ దిగుతూ ఉండమన్నాడట తెలివైనవాడు. ఈ ఐడిల్ ప్రాసెస్ ఆ స్తంభమన్నమాట. ఆ అంకె ఎంత పెద్దదయితే యంత్రం అంత సుఖంగా ఉన్నట్టు. మా ఆవిడ నమ్మలేదు. "తీరిక 62 పాళ్ళుంటే అమ్మాయికి ఈ అవస్థ ఎందుకండీ?" అన్నది. మంచి ప్రశ్నే.

అన్నట్టు, ఈ భూతం పోలిక నా ఒక్కడి సొత్తు కాదు. 1960లలో అమెరికాలో ఎం.ఐ.టి.లో పనిచేసినవారు, తెరవెనక తమంతట తాము సాగిపోయే పనులకు డీమన్‌లని పేరు పెట్టుకున్నారు. జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ అనే భౌతికశాస్త్రవేత్త 1867లో ఊహించిన భూతం ఒకటుంది. అలుపు లేకుండా వడిగల అణువులను ఒక గదిలోకి, మందగొడివాటిని మరో గదిలోకి పంపుతూ కూచుంటుంది. పేరు దానినుంచే తీసుకున్నామని వారిలో పెద్ద అయిన ఫెర్నాండో కోర్బాటో చెప్పారు. యూనిక్స్ వంశపు యంత్రాల్లో ఈనాటికీ అదే పేరు. విండోస్‌వారు మాత్రం సౌమ్యంగా సర్వీసులన్నారు.

సరే, మా ఆవిడ ప్రశ్న. మా ల్యాప్‌టాప్ ప్రాసెసరు నాలుగు పనులు ఏకకాలంలో సాగించగలదు. నాలుగు చేతుల మనిషి అనుకోండి. ఒక చెయ్యి పూర్తిగా ఒకడికే పట్టుబడితే లెక్కలో 25 శాతం. ఐడిల్‌ను వదిలేసి చూస్తే పట్టీలో అందరికన్న పైన ఒకడున్నాడు, సరిగ్గా 25, 26 దగ్గర కదలకుండా. పాఠం కూడా లేని వేళ, ఎవరూ ఏమీ చేయని వేళ, ఒక చెయ్యి వాడిదే. ఆపైన అమ్మాయి పాఠం మొదలుపెడితే, బొమ్మా మాటా మోయడానికి సగంపైన కావాలి. వైరసు కాపలావాడు మధ్యలో తన వాటా తీసుకుంటాడు. వెరసి 100. వేడెక్కిన యంత్రం తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. వేగం తగ్గేసరికి అదే పని ఇంకా బరువవుతుంది. అప్పుడు పిల్లల ముఖాలు ఫోటోలవుతాయి.

ఆ పైనున్నవాడి పేరు డబ్ల్యు.ఎం.ఐ. ప్రొవైడర్ హోస్ట్. ఇలాంటి పెద్దమనుషుల పేర్లు పెట్టుకుని వైరసులు తిరుగుతాయని విన్నాం గనక, ముందు వాడి చిరునామా చూశాం. పేరు మీద కుడి మీట నొక్కితే ఫైలు ఎక్కడుందో చూపిస్తుంది. సిస్టం 32 అరలో, డబ్ల్యు.బి.ఇ.ఎం. అనే లోపలి అరలో ఉన్నాడు. అంటే విండోస్ సొంత ఉద్యోగే.

"అయితే వాణ్ణి ఆపేస్తే సరి" అని మావాడు ఆపేశాడు. ఫాను చల్లబడింది. మా ఆవిడ దణ్ణం పెట్టుకుంది. అయిదు నిమిషాలకు మళ్ళీ హోరు.

అక్కడే నాకు నా పాత ఉద్యోగం అక్కరకొచ్చింది. ఈ డబ్ల్యు.ఎం.ఐ. అనేది ఆఫీసులో విచారణ కౌంటరు లాంటిది. బ్యాటరీ ఎంత ఉంది, డిస్కులో చోటెంత, ఏ ప్రింటరు తగిలించారు అని ఏ ప్రోగ్రాముకు కావలసినా ఈ కౌంటరుకొచ్చి అడుగుతుంది. ఇది వెతికి చెబుతుంది. తనకు తాను ఏ పనీ పెట్టుకోదు. కౌంటరు గుమాస్తా చెమటలు కక్కుతున్నాడంటే, కిటికీ దగ్గర ఎవడో ఒకడు విడవకుండా నిలబడి అడుగుతున్నాడన్నమాట. గుమాస్తాను ఇంటికి పంపితే కొత్త గుమాస్తా వస్తాడు. అడిగేవాడు అక్కడే ఉంటాడు.

అడిగేవాడి పేరు టాస్క్ మేనేజరులో తెలియదు. దానికి ఈవెంట్ వ్యూయరు అని ఇంకో దస్తావేజుల గది ఉంది. అందులో అప్లికేషన్స్ అండ్ సర్వీసెస్ లాగ్స్, దానిలో మైక్రోసాఫ్ట్, దానిలో విండోస్, దానిలో డబ్ల్యు.ఎం.ఐ. యాక్టివిటీ, దానిలో ఆపరేషనల్. సబ్-రిజిస్ట్రారు ఆఫీసులో పాత దస్తావేజు తీయించినవారికి ఈ ప్రయాణం కొత్తగా ఉండదు. తెరిచేసరికి 5858 అనే నంబరుతో ఒకే రకం ఎర్ర గుర్తులు వందలకొద్దీ. అమ్మాయి ఒకటి తెరిచింది. లోపల క్లయింట్ ప్రాసెస్ ఐడి: 4128. అదీ అడిగినవాడి టోకెను!

ఆ నంబరు ఎవరిదో చూద్దామని టాస్క్ మేనేజరు తెరుస్తుండగా కరెంటు పోయింది. ఆ ల్యాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో పరలోకగతమైంది. తెర నల్లబడింది. వచ్చాక చూస్తే 4128 అనేవాడు లేడు. ఆస్పత్రిలో టోకెన్ల మాదిరి, యంత్రం ఆగి లేచినప్పుడల్లా అందరికీ కొత్త నంబర్లు. నిన్నటి చీటీతో ఇవాళ ఎవరినీ పట్టుకోలేము. "మామయ్యగారూ, రేపు చూద్దాం లెండి, అయిదింటికి లేవాలి" అన్నది అమ్మాయి. నేను కదలలేదు. మళ్ళీ ఎర్ర గుర్తు పడేదాకా కూచున్నాం. ఈసారి 3976. కాగితం మీద రాసుకుని, డీటెయిల్స్ అనే పుటలో నంబర్ల వరస చూసుకుంటూ దిగాం.

దొరికాడు. ఒక ప్రింటరు కంపెనీవారి సహాయకుడు.

ఆ ప్రింటరు మా ఇంట్లో లేదు. రెండేళ్ళ కిందట సామర్లకోటలో మా బావమరిది తీసుకుపోయాడు. దానితో వచ్చిన ఈ సహాయకుడు మాత్రం ఇక్కడే ఉండిపోయి, కొన్ని క్షణాలకోసారి కౌంటరుకెళ్ళి, "మా ప్రింటరుందా? సిరా ఎంత ఉంది?" అని అడుగుతున్నాడు. గుమాస్తా యంత్రమంతా గాలించి లేదంటున్నాడు. మళ్ళీ అడుగుతున్నాడు. పట్టీలో వీడి పేరున ఉన్న ఖర్చు సున్న. చెమటంతా గుమాస్తాది.

"రెండేళ్ళు ఊరుకుని ఇప్పుడేం వచ్చింది వాడికి?" అన్నాడు మావాడు, ఇంకా మనవడి వైపు ఓ కంట చూస్తూ. దానికీ రిజిస్టరులో జవాబుంది. సెట్టింగులలో యంత్రంలో ఎక్కించినవాటి జాబితా ఉంటుంది, పక్కన తేదీలుంటాయి. సహాయకుడు తనంతట తాను కొత్త అవతారం ఎత్తిన తేదీ కిందటి నెల 9. అమ్మాయి తన పాఠాల డైరీ తెచ్చింది. మొట్టమొదట పాఠం ఆగిపోయింది 10వ తేదీ తెల్లవారుజామున.

మావాడు ఆ డైరీని చాలాసేపు చూశాడు. మనవడి ఆట తీసేసింది 14న.

అన్‌ఇన్‌స్టాల్ నొక్కాము. పోతూ పోతూ ఆ సహాయకుడు, మమ్మల్ని ఎందుకు తొలగిస్తున్నారో దయచేసి చెప్పండని నాలుగు కారణాలు చూపించి ఒకటి ఎంచుకోమన్నాడు. నాలుగింటిలోనూ మాది లేదు. అమ్మాయి ఏదీ ఎంచుకోకుండా కిటికీ మూసేసింది.

మర్నాడు పాఠం సాగినంతసేపూ నేను వెనక నిలబడి పట్టీ చూశాను. 60 దాటలేదు. ఫాను ఉందో లేదో తెలియలేదు. నెలాఖరు దాటింది, ఆ మర్యాదగల తల్లి వచ్చే నెల జీతం పంపింది. ఖర్చు, దుకాణానికి పోను రాను ఆటో డబ్బులు.

మావాడు కొడుకుతో ఏమీ అనలేదు. మా కాలంలో మేమూ అనలేదు లెండి. కాకపోతే ఆ రాత్రి తనే కూచుని క్రికెట్టు ఆట మళ్ళీ ఎక్కించాడు. నిద్రపోతున్నట్టు నటిస్తున్న కుర్రవాడు దుప్పటి సందులోంచి చూస్తూనే ఉన్నాడు.

ఇప్పుడు వాడు ఓ నోటుపుస్తకం పెట్టాడు. రోజూ స్కూలునుంచి రాగానే మూడు మీటలు నొక్కి, ఎవరెవరు ఎంత తింటున్నారో తేదీలతో సహా రాసుకుంటున్నాడు. నిన్న ఒక ఆక్షేపణ పట్టుకొచ్చాడు. వాళ్ళ నాన్న బ్రౌజరులో 46 పేజీలు తెరిచి అలాగే వదిలేసి ఆఫీసుకు పోయాడట. "రాతమూలకంగా సంజాయిషీ అడగనా తాతయ్యా?" అంటున్నాడు.