పారిస్‌లో ఉల్లిపాయల చారు

పారిస్ వెళ్ళొచ్చానంటే అందరూ అడిగేది ఈఫిల్ టవర్ గురించే. చూశాను లెండి, మెడ నొప్పి పుట్టింది. నేను మీకు చెప్పాలనుకున్నది మాత్రం ఉల్లిపాయల చారు గురించి.

మా అమ్మాయి అక్కడ చదువుకుంటోంది. 2023 డిసెంబరులో దాని దగ్గర మూడు వారాలున్నాను. ఓ సాయంత్రం, గజగజలాడే చలిలో, 'లే ఆల్' అనే పేటకి తీసుకెళ్ళింది. వందల ఏళ్ళపాటు పారిస్‌కంతా కూరగాయలూ, మాంసమూ అమ్మిన బజారు అక్కడే ఉండేదట. 1969లో దాన్ని ఊరి బయట రంజిస్‌కి మార్చేశారు. 1971 నుంచి పాత ఇనుప షెడ్లు పడగొట్టేశారు. ఇప్పుడక్కడ భూమి లోపల రైల్వే స్టేషనూ, షాపులూను. పూర్వం తెల్లవారుజామున బస్తాలు మోసే కూలీలూ, రాత్రంతా షికార్లు కొట్టి ఇళ్ళకి పోయే షోకిల్లా దొరలూ అక్కడి హోటళ్ళలో ఈ చారే తాగేవారట. బజారు పోయింది గానీ చారు పోలేదు.

పక్క బల్ల మీదికి మట్టి గిన్నె వచ్చింది. పైన రొట్టె ముక్క, దాని మీద బుడబుడలాడుతూ కరిగిన చీజ్. వాసనకే నోరూరింది. తీరా అడిగితే, గొడ్డుమాంసం ఎముకలు కాచిన రసంతో చేస్తారట. మా ఇంట్లో తినం. కాఫీ తాగి లేచొచ్చేశాం.

"మనం చేసుకుందాం లేమ్మా" అంది. ఇంట్లో ఉన్నప్పుడు టీ పెట్టడం కూడా రాని పిల్ల!

నలుగురికి కిలో ఉల్లిపాయలు. సన్నగా, పొడుగ్గా తరిగి, 50 గ్రాముల వెన్నలో, కాస్త ఉప్పుతో వేశాం. నేను మన వేపుడులాగే మంట పెంచాను. అంచులు మాడాయి, లోపల పచ్చి. "అలాక్కాదమ్మా" అని గరిటె లాక్కుని మళ్ళీ మొదలుపెట్టింది. సన్న సెగ మీద ముందు మెత్తబడతాయి, తర్వాత తేనె రంగు, ఆఖరికి పాత బెల్లం రంగు. ముప్పావు గంట పైనే పడుతుంది.

ఆ ముప్పావు గంటలోనే చెప్పింది. వెళ్ళిన మొదటి చలికాలం పది రోజులు జ్వరంతో పడుందట. ఫోనులో నాతో "బాగున్నానమ్మా" అన్న రోజులే అవి. పక్కింటి ముసలావిడ రోజూ ఈ చారే తెచ్చిపెట్టిందట.

"అందులో ఏముందో తెలుసమ్మా. అయినా తాగాను" అంది, గిన్నెలోంచి కళ్ళు ఎత్తకుండా.

నాకేం తోచలేదు. "అడుగంటుతోంది, కలుపు" అన్నాను. మర్నాడు నేను తీసుకెళ్ళిన అరిసెల్లో సగం ఆవిడకిచ్చొచ్చాను. మావారికి ఇంతవరకూ చెప్పలేదు. ఆయన వంటల పేజీ చూడరు. మీరూ చెప్పకండి.

ఉల్లిపాయలు వేగాక చెంచాడు మైదా చల్లి, లీటరుంబావు కూరగాయలు ఉడికించిన నీళ్ళు పోసి ఇరవై నిమిషాలు మరిగించాం. వాళ్ళు వైన్ పోస్తారు, మేం చెంచాడు వెనిగర్ వేశాం. థైమ్ అనే ఆకు కూడా వేస్తారు. మీరు చిటికెడు వాము వేయండి, ఇంచుమించు అదే వాసన. ఓవెన్ లేకపోతే ఎండు బ్రెడ్డు మీద చీజ్ తురిమి, పెనం మీద మూతపెట్టి కరిగించి చారులో వేసుకోవచ్చు.

వచ్చాక కర్నూలు ఉల్లిపాయలతో రెండుసార్లు చేశాను. "చారుకి ఇంతసేపా!" అన్నారు మా అత్తగారు, రెండో గిన్నె అందుకుంటూ.