అమ్మ సంతకం

2023 అక్టోబరు 27, శుక్రవారం. నందిగామ

మధ్యాహ్నం క్యారేజీ తిన్నాక ఆఫీసులోనే గోపీచంద్ నవల ‘అసమర్థుని జీవయాత్ర’ మళ్లీ మొదలుపెట్టాను. డిగ్రీలో చదివినప్పుడు కథానాయకుడు సీతారామారావు మీద ఒళ్లు మండింది. చేతగానివాడు, అంతే అనుకున్నాను. నలభై ఆరేళ్లొచ్చాక చదువుతుంటే పేజీ తిప్పాలంటే గుండె దడగా ఉంది. వంశం పరువు నిలబెట్టాలన్న మాట నెత్తికెక్కించుకుని, చెయ్యి చాచినవాడికల్లా ఇచ్చి, ఆస్తంతా కరిగిపోయాక లోకాన్నే తిట్టుకునే మనిషి. అతను తనను తాను సమర్థించుకునే తీరు చదువుతున్నంతసేపూ నాన్న గొంతే వినపడింది. నాన్న ఇట్లాగే, అడక్కపోయినా కారణాలు చెప్పేవాడు.

అక్టోబరు 29, ఆదివారం. జగ్గయ్యపేట

అమ్మ అరుగు మీద కూర్చుని గోంగూర తుంచుతోంది. పక్కింటివాళ్లు పత్తితీతకు కూలీలు దొరకలేదని చెప్పి వెళ్లారు. మనకా బాధ లేదులే అంది అమ్మ. మామూలుగానే అంది. తాతయ్య పసుపు కుంకుమ కింద ఆమెకిచ్చిన రెండెకరాల నల్లరేగడి చేను నేను తొమ్మిదో తరగతిలో ఉండగా పోయింది. బాబాయి అప్పుకు నాన్న హామీ ఉన్నాడు. బాబాయి కట్టలేదు. నలుగురిలో మాట పోకూడదని నాన్న అమ్మేశాడు. ఆ చేను మాట ఇంట్లో మళ్లీ ఎవరమూ ఎత్తలేదు.

అక్టోబరు 31

బస్సు చిల్లకల్లు అడ్డరోడ్డు దాటేసరికి సీటు దొరికింది. ఇందిర దగ్గర ఆగిపోయాను. సీతారామారావు భార్య. భర్త బుర్రలో పుట్టే ప్రతి అనుమానాన్నీ, ప్రతి సంజాయిషీనీ గోపీచంద్ పట్టి చూపించారు. తెలుగులో మనసు లోపలి గందరగోళాన్ని అంత దగ్గరగా రాసిన నవల అంతకుముందు లేదనే చెబుతారు, నిజమే కావచ్చు. కానీ ఇందిర లోపల ఏం జరుగుతోందో నాకు అందలేదు. ఆమె ఎప్పుడూ అతని కళ్లకు కనిపించినంతే. బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’ కూడా ఇంతే కదా. తల్లి గురించి ఊరనుకునే మాట దయానిధిని బతుకంతా వెంటాడుతుంది, ఆ తల్లి ఏమనుకుందో మాత్రం మనదాకా రాదు. 1940ల నవలలు, అప్పటి మగవాళ్లు రాశారు, అని సరిపెట్టుకోవచ్చు. నాకు సరిపడలేదు. పి. సత్యవతి గారి ‘ఇల్లలకగానే’ కథలో ఇల్లాలు తన పేరే మర్చిపోయి వెతుక్కుంటుంది. ఇందిరకు అలాంటి నాలుగు పేజీలు దక్కి ఉంటే బాగుండును.

నవంబరు 2, గురువారం

1962లో ఈ రోజే గోపీచంద్ పోయారు. అప్పటికి ఆయనకు యాభై రెండేళ్లు. మరుసటేడు ‘పండిత పరమేశ్వరశాస్త్రి వీలునామా’కు సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. తెలుగు నవలకు అదే మొదటిసారి. ఆయన పుట్టింది గుడివాడ దగ్గర అంగలూరులో. అది కాలవ నీళ్ల డెల్టా, మాది మెట్ట. నిరుడు ఏప్రిల్‌లో జిల్లా విడిపోయి మేం ఎన్టీఆర్ జిల్లాకి వచ్చాం గానీ, అడిగితే ఇంకా కృష్ణాజిల్లా అనే నోటికొస్తుంది.

ఆయన తండ్రి త్రిపురనేని రామస్వామి పురాణాలనే నిలదీసిన మనిషి. ప్రశ్నించడం నేర్పాడనే ‘అసమర్థుని జీవయాత్ర’ను ఆ తండ్రికే అంకితమిచ్చాడు కొడుకు. రాత్రి దాని గురించే చాలాసేపు ఆలోచించాను. అలాంటి తండ్రి చేతిలో పెరిగినాయన, తండ్రి అప్పజెప్పిన పరువు కింద నలిగిపోయే కొడుకు కథ ఎందుకు రాశాడు? నవల్లో రామయ్య తాత ఉన్నాడు, మంచీచెడ్డా విడమరిచి చెబుతాడు. సీతారామారావు వింటాడు. మారడు. తెలిసినంత మాత్రాన మనిషి మారడన్న ఆ సంగతి దగ్గరే గోపీచంద్ నన్ను గెలిచారు. చేను అమ్మితే ఏమవుతుందో నాన్నకీ తెలుసు.

నవంబరు 5, ఆదివారం

ఇవాళ అడిగేశాను. నాన్న పోయిన ఈ ఆరేళ్లలో మొదటిసారి.

“చేను అమ్మేటప్పుడు నిన్ను అడిగాడా అమ్మా?”

అమ్మ చాటలో బియ్యం చూసుకుంటూనే ఉంది. “అడిగేదేందే? పొద్దున్నే స్నానం చేసి తయారవ్వమన్నాడు. రిజిస్ట్రారాఫీసుకని తెలుసు. ఆ నీలం చీర కట్టుకున్నా.”

“వద్దనాలనిపించలేదా?”

బియ్యంలోంచి రాయి ఏరి అవతల పారేసింది. “సంతకం పెట్టబోతే పెన్ను రాయలా. రెండుసార్లు గీకా. ఇక రాయదులే, ఇంటికి పోదాం అనుకున్నా. మీ నాన్న జేబులోంచి ఇంకోటి తీసిచ్చాడు.”

కాసేపు చాటతో చెరుగుతున్న చప్పుడే. తర్వాత తనే అంది.

“ఆ పెన్నూ సరిగ్గా రాయలేదు. నా పేరులో చివరక్షరం పళ్లా. వాళ్లెవరూ చూసుకోలా.”