అర్ధరాత్రి మొద్దుబారే చెయ్యి

అర్ధరాత్రి చెయ్యి మొద్దుబారి, సూదులతో గుచ్చినట్లయి మీకు మెలకువ వస్తోందా? లేచి కూర్చుని చెయ్యి విదిలించుకుంటే కాస్త నెమ్మదిస్తోందా?

మా ఆసుపత్రికి ఈ బాధతో వచ్చేవారిలో ఆడవాళ్ళే ఎక్కువ. కొందరు పక్షవాతం వస్తుందేమోనని బెదిరిపోతూ వస్తారు. మరికొందరు నీరసమనుకుని నెలల తరబడి బలం ఇంజక్షన్లు వేయించుకుని వస్తారు. వారిని నేను మొదట అడిగేది ఒక్కటే: "చిటికెన వేలు కూడా తిమ్మిరెక్కుతోందా?" "లేదండీ, బొటనవేలి వైపే" అంటే నా అనుమానం మణికట్టు మీదికి పోతుంది.

మణికట్టులో ఎముకలకూ, వాటిపై పట్టీలా బిగిసి ఉండే లిగమెంటుకూ మధ్య ఇరుకైన దారి ఒకటుంది. వేళ్ళను ముడిచే తొమ్మిది స్నాయువులూ, మీడియన్ నరమూ అందులోంచే అరచేతిలోకి వెళతాయి. అక్కడ వాపు వస్తే నలిగేది నరమే. బొటనవేలు, చూపుడు వేలు, నడిమి వేలు, ఉంగరపు వేలిలో సగం దాని అధీనంలోవి. చిటికెన వేలిది వేరే నరం. నిద్రలో మణికట్టు వంగుతుంది గనుక రాత్రి బాధ ఎక్కువ. దీనినే కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ అంటారు.

రెండు చేతుల వెనకవైపులూ ఒకదానికొకటి ఆనించి, వేళ్ళు నేలవైపు ఉండేలా ఒక్క నిమిషం ఉంచండి. ఆ వేళ్ళలోనే తిమ్మిరి మొదలైతే డాక్టరుకు చూపించుకోండి. అవసరమైతే నరం పనితీరును కరెంటు పరీక్షతో చూస్తారు. మధుమేహం, థైరాయిడ్ లోపం, కీళ్ళవాతం ఉన్నవారికి ఇది ఎక్కువగా వస్తుంది గనుక రక్తపరీక్ష కూడా చేయించవచ్చు. గర్భిణులకు చాలావరకు కాన్పు తరువాత తగ్గిపోతుంది.

మొదట్లోనే వస్తే, మణికట్టును వంగకుండా నిలిపే స్ప్లింటు రాత్రిళ్ళు కొన్ని వారాలు కట్టుకుంటే చాలామందికి సరిపోతుంది. తగ్గకపోతే మణికట్టు దగ్గర స్టెరాయిడ్ ఇంజక్షన్ ఇస్తారు. దానికీ లొంగకపోతే చిన్న ఆపరేషన్. చేతికి మాత్రమే మత్తిచ్చి, బిగిసిన లిగమెంటును కోసి నరానికి చోటు కల్పిస్తారు. సాధారణంగా అదే రోజు ఇంటికి వెళ్ళవచ్చు.

జాకెట్లు కుట్టే ఒకామె మూడేళ్ళు ఓర్చుకుని వచ్చింది. అప్పటికే బొటనవేలి మొదట్లో ఉండే కండ ఎండి చదునైపోయింది. ఆపరేషన్ తరువాత హాయిగా నిద్రపోయింది గాని, సూదిని గట్టిగా పట్టుకునే బలం పూర్తిగా తిరిగి రాలేదు. అందుకే, గ్లాసు జారిపోతున్నా, బొత్తాం పెట్టుకోవడం కష్టమవుతున్నా ఆలస్యం చేయకండి.

ఇక, ఉన్నట్టుండి చెయ్యి పడిపోయి, మూతి వంకరపోయినా, మాట తడబడినా అది ఈ జబ్బు కాదు. వెంటనే పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళాలి.